తొమ్మిదో నిమిషంలో కోడి

ఒగోలా మాస్టారు కార్బొరేటర్ని
మూడు రంగుల సుద్దలతో నిలువునా కోసి చూపేవాడు.
పెట్రోలు ఎరుపు, గాలి నీలం, ఇనుమంతా తెలుపు.
నలభై రెండు మందిమి, నలభై రెండు నోటుబుక్కులు,
కిటికీ బయట కిసుము ఎండ,
సరస్సు మీంచి ఒమేనా చేపల కమురు వాసన.
మొహం బోర్డు వైపు, వీపు మా వైపు.
గోడకి చెప్పినట్టు చెప్పేవాడు. మేమూ గోడల్లాగే విన్నాం.

అయినా ఒకటుంది.
ఉన్నట్టుండి సుద్ద ఆగేది.
ఎవడి కలం ఆగిపోయిందో ఆ వీపుకెలా తెలిసేదో,
ఇటు తిరిగి
"ఎక్కడ తెగిందిరా దారం, ఒన్యాంచా?" అనేవాడు.
పేరు పెట్టి. నా పేరు పెట్టి.

ఇంజను మీద నేను చెయ్యి వేసింది తొమ్మిదో నెలలో.
కళ్ళు మూసుకుని బొమ్మ వేసేవాణ్ణి,
కళ్ళు తెరుచుకుని విప్పితే
బియ్యపుగింజంత సూది ఎటో ఎగిరిపడింది.
దుంగా రేవు ఇసకలో మూడు గంటలు వెతికాను.
బుట్టలో చేపలు మెత్తబడుతున్నా
పడవతను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.
నోటికొచ్చిన చదువు
మోచేతి దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు నేను మాస్టార్ని. తరగతి తిరగబడింది.
పాఠం రాత్రిపూట, వాళ్ళ ఫోన్లలో.
పగలు షెడ్డులో ఇంజన్లు, గ్రీజు, నవ్వులు, తిట్లు.
వంటింట్లో చక్కెర డబ్బాకి ఫోను ఆనించి
పన్నెండు నిమిషాల పాఠం నాలుగుసార్లు చెప్పాను.
డబ్బా తల ఊపదు. కనుబొమ్మ ముడవదు.
నాలుగోసారి బాగానే వచ్చిందనుకున్నాను.

సోమవారం స్పార్క్ ప్లగ్గులు బిగించే పని.
ఒడేరో పావు చుట్టు తిప్పాడు.
ఆపియో ఒక చుట్టు నిండా తిప్పింది.
పళ్ళు బిగబట్టి రెండు చుట్లు తిప్పాడు న్యాగుడి.
అల్యూమినియం మర కిర్రుమని, తర్వాత ఏమీ అనలేదు.
ముగ్గురూ చూశారు పాఠం. ముగ్గురూ ఒట్టేశారు.
నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అకేయో మాత్రం చూడలేదు. ఫోను వాళ్ళమ్మ దగ్గరుంటుంది,
చార్జింగుకి పది షిల్లింగులు, డేటాకి ఇంకో ఇరవై.
మర్నాడు ఆ అమ్మే వచ్చింది షెడ్డుకి, చేపల తట్టతో.
"రాత్రి వలల మీద ఒమేనా ఎండేస్తూ
మీ పాఠం మూడుసార్లు విన్నాను మాస్టారూ.
చేత్తో బిగిసినంత బిగించి
ఆ పైన స్పానరుతో ఎంతో తిప్పమన్నారే,
ఎంతన్న చోట మీ కోడి కూసింది."

విన్నాం అందరం, నా ఫోను చుట్టూ మూగి.
తొమ్మిదో నిమిషం. ఆ పైన స్పానరుతో,
కొక్కొరోకో,
చుట్టు తిప్పాలి.

అర. అర చుట్టు.
రెండక్షరాలు మింగేసింది మా కోడి.
ఆ రెండక్షరాలు అడగడానికి
రాత్రి పదింటప్పుడు ఎవరికి చెయ్యెత్తుతారు పిల్లలు?
ఒగోలా మాస్టారి సుద్ద అక్కడ ఆగేది.
నిజమే. మరి ఒగోలా మాస్టారి గదిలోకి
తట్ట నెత్తిన పెట్టుకుని ఈవిడ వచ్చేదా?

ప్రిన్సిపాలు ఫారం పంపాడు:
పాత పద్ధతి మేలా, కొత్తదా, ఒకదాని పక్కన టిక్కు పెట్టమని.
దాన్ని ప్రొపెల్లరు కింద పరిచాను, నూనె కారుతుంటే.
గుర్రపుడెక్క చుట్టుకున్న ప్రొపెల్లరు అది.
వేళ్ళతోనే పీకాలి, ఒక్కో పోగూ.

పాఠం మళ్ళీ చెప్పి తీయమంది మా ఆవిడ.
తీయలేదు. కోడిని అలాగే ఉంచాను
(ఆదివారం కూరైపోయింది గానీ
ఫోన్లో ఇంకా కూస్తోంది).
ప్రతి కొత్త బ్యాచీ వస్తూనే, మొదటి మాట,
"సార్, తొమ్మిదో నిమిషంలో..."
కొందరు చేతులెత్తుతారు.
ఎత్తని వాడు ఒకడుంటాడు, చివర్లో, చూపు నేలమీద పెట్టి.
స్పానరు ముందు వాడి చేతికిస్తాను.